అనపగింజలకు పూసిన ఎరుపు

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు ఒకరిద్దరు ఇప్పటికీ కర్ణాటకలోని చింతామణిలో మా ఇంటికి వచ్చి కూర్చుంటారు. కాఫీ తాగి, మీ సర్వీసులో గొప్ప ప్రయోగమేది సార్ అని అడుగుతారు. గొప్ప ప్రయోగాలు చేసినవాళ్ళు వేరే ఉన్నారు. నేను వ్యవసాయ సంశోధనా కేంద్రంలో ఫీల్డ్ అసిస్టెంటును. వాళ్ళ సంచులు మోసి, చేలల్లో కర్రలు పాతి, పుస్తకంలో గడులు నింపినవాణ్ణి. నాకు చెప్పుకోదగ్గ ప్రయోగం లేదు గానీ చెప్పుకోదగ్గ తప్పు ఒకటుంది. పెద్ద తప్పులు చేయడానికి పెద్ద ఉద్యోగం అక్కర్లేదని మీకు తెలియాలి కాబట్టి దాన్నే చెబుతాను.

అప్పట్లో మా కేంద్రానికి బెంగళూరు నుంచి ఒక మేడమ్ వచ్చింది. విత్తనానికి పూత వేయడం ఆమె చదువు. పొలమంతా మందు చల్లి మట్టినీ నీళ్ళనూ పాడుచేసేకంటే, గింజకు మాత్రమే పల్చగా ఒక పొర కడితే చాలంటుంది ఆమె. ఆ పొరలో జింకు నలుసులు, కాస్త బూజుమందు, వాటిని పట్టి ఉంచడానికి జిగురు. నలుసులంటే కంటికి కనబడేవి కావు, వాటిని నానో అంటారట. నాకు మొదట అర్థం కాలేదు. పసుపుకొమ్ము పట్టుకుంటే చేతికేమీ కాదు, పసుపుపొడి పట్టుకుంటే రెండు రోజులు వదలదు కదా, ఎంత సన్నమైతే అంత పట్టు, ఇది ఆ పొడికన్నా ఇంకెంతో సన్నం, అని చెప్పింది. అప్పటి నుంచి నానో అంటే నాకు పసుపే గుర్తుకొస్తుంది.

మందు పూసిన విత్తనానికి రంగు కలపడం మా పనిలో ఆచారం. ఇది తినేది కాదు, జాగ్రత్త అని చెప్పే రంగు. మేడమ్ ఎరుపు కలిపింది. ఎరుపంటే ప్రమాదమని బడిపిల్లవాడికీ తెలుసు, అందులో ఆలోచించడానికేముంది? నేనూ ఆలోచించలేదు.

ఇక్కడ నా పుట్టుక గురించి ఒక మాట చెప్పాలి. మాది తరాలుగా గుడిలో నైవేద్యం వండే ఇల్లు. పప్పులూ బియ్యమూ భక్తులు తెచ్చి ఇస్తే, బాగుచేసి శుభ్రంగా గుడ్డలో కట్టినవే వచ్చేవి. వాటిని ఏడాది పొడుగునా పురుగు పట్టకుండా ఎవరు దాస్తారో, ఎలా దాస్తారో మా వంటింటికి తెలియదు. నేను వ్యవసాయం చదివింది పుస్తకాల్లో. పుస్తకాల్లో విత్తనం ఉంటుంది, పంట ఉంటుంది. మధ్యలో ఎనిమిది నెలలు గింజ ఎక్కడుంటుందో ఎవరూ రాయలేదు.

బాగేపల్లి తాలూకా పరగోడులో అయిదు ఇళ్ళను ఎంచుకుని అనప విత్తనాలిచ్చాం. రాగిచేలో సాళ్ళ మధ్య అనపలు వేయడం అక్కడి అలవాటు. ఆ రోజు పాల డెయిరీ దగ్గర మగవాళ్ళను కూర్చోబెట్టి, ఇళ్ళల్లో తెలుగు మాట్లాడే ఆ ఊళ్ళో నా ఆఫీసు కన్నడంలో పది నిమిషాలు ఉపన్యాసమిచ్చాను. తినరాదు అని కూడా చెప్పాను. సంచి మీద పుర్రె బొమ్మ కూడా ఉంది. అంతటితో నా బాధ్యత తీరిందనుకున్నాను. ఆ సంచులు ఇళ్ళకు పోయాక వాటిని విప్పేదీ, డబ్బాల్లో పోసేదీ, మిగిలితే దాచేదీ ఆడవాళ్ళు. వాళ్ళలో ఒక్కరూ నా ఉపన్యాసం వినలేదు.

ఆ ఏడు వాన మొదట మురిపించి తరవాత మొహం చాటేసింది. సగం మంది సగం సాళ్ళే వేశారు. మిగిలిన విత్తనం తిరిగి తెచ్చి, తూచి, కేంద్రంలో అప్పగించడం నా పని. నాలుగు ఇళ్ళవి తెచ్చాను. అయిదో ఇంటికి రెండుసార్లు పోతే తాళం వేసి ఉంది. మూడోసారి పోవాల్సిన రోజు కెంచార్లహళ్ళిలో వేరే పని పడింది. నెలాఖరు వరదిలో, అదే రిపోర్టులో, ఒక్క గడి ఖాళీగా ఉంది. మిగిలిన విత్తనం అన్న చోట 'లేదు' అని రాసి సంతకం పెట్టాను. ఎంత మిగులుతుందిలే, మహా అయితే రెండు సేర్లు అనుకున్నాను.

కార్తీకంలో, చేలో పూత ఎలా ఉందో రాసుకుందామని జీపులో మళ్ళీ పరగోడు పోయాం. మా డ్రైవరుది పేరేసంద్ర అనే ఊరు. నాకంటే రెండేళ్ళు పెద్ద, నాకంటే పదేళ్ళు తెలివైనవాడు. ఆ అయిదో ఇంటి ముందు పందిరి వేసి ఉంది. మనవరాలికి పేరు పెడుతున్నారు. ఇంటాయన ఎదురొచ్చి, మంచి దినాన వచ్చినారు, భోంచేయకుండా కదలనివ్వను అన్నాడు. మధ్యాహ్నానికి పితికిపప్పు పులుసూ రాగిముద్దా అట. నాకు పితికిపప్పంటే ప్రాణం. కొత్త కాయలింకా రాలేదు కదా అంటే, పాత గింజలే రాత్రి నానబెట్టినామన్నాడు.

పెరట్లో అరుగు మీద ఏడెనిమిది మంది ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుని ఉన్నారు. మధ్యలో ఇత్తడి గంగాళం నిండా నానిన గింజలు. బొటనవేలితో నొక్కితే తోలులోంచి పప్పు జారి చేటలో పడుతోంది. మాటలు, నవ్వులు. నేను పలకరిద్దామని దగ్గరకు పోయాను. ఒకామె వేళ్ళ కొసలు ఎర్రగా ఉన్నాయి. పక్కామెవీ ఎర్రగానే ఉన్నాయి. పారేసిన తోళ్ళలో అక్కడొకటి ఇక్కడొకటి మెరుస్తున్న ఎర్ర తోలు కనబడింది. ఆ మెరుపు నాకు తెలుసు. నెల రోజులు మా షెడ్డులో చూసిన మెరుపు అది.

వంగి ఆ తోలొకటి తీసి చూశాను. ఇవి ఎక్కడివమ్మా అని అడిగాను. ఇంటామె, యాభై ఏళ్ళ మనిషి, నవ్వుతూ చెప్పింది. "మావే అప్పా. మీరిచ్చిన విత్తనం మిగిలుంటే దాన్నీ దీంట్లోనే పోసినా. ఎర్రమన్ను పూసిందే కదా, పురుగు పట్టదు అనుకుంటి. మీవాళ్ళు పూసింది మాత్రం శానా గట్టిగా ఉండాది, నాలుగుసార్లు కడిగినా కొన్నిటికి పోలేదు. మంచి పనోళ్ళే."

అప్పుడు తెలిసింది నాకు, అరవైకి దగ్గరపడుతున్న వయసులో. ఈ ఊళ్ళల్లో కందులకూ అనపలకూ ఎర్రమన్ను పూసి ఎండబెట్టి దాస్తారు. వండేముందు కడిగేస్తారు. గింజ మీద ఎరుపుంటే అది ఇంటివాళ్ళు భద్రంగా దాచుకున్న తిండి అని అర్థం. మేము ప్రమాదమని పూసిన రంగు వాళ్ళకు అమ్మమ్మల నాటి నుంచి అభయహస్తం.

ఎవరైనా తిన్నారా అని అడిగాను. ఇంకా పొయ్యి మీదకు ఎక్కలేదన్నారు. నానబెట్టిన నీళ్ళేం చేశారన్నాను. కుడితిలో పోసి ఎనుముకు పెట్టామన్నారు. పాలిచ్చే ఎనుము అది. ఆ పాలు లోపల పొయ్యి మీద పాయసానికి కాగుతున్నాయి.

నిజం చెబుతున్నాను, ఆ నిమిషంలో నా బుర్రలోకి మొదట వచ్చింది అబద్ధమే. ఈ గింజలకు బూజు పట్టింది, పారేయండి అంటే చాలు. నా సంతకమూ నిలుస్తుంది, పరువూ నిలుస్తుంది. కానీ కుడితి తాగిన ఎనుము సంగతి? డాక్టరొస్తే ఏం తాగిందని అడుగుతాడు. బూజని చెప్తే బూజుకు మందిస్తాడు. పందిరి కింద తొట్టిలో పాప పడుకుని ఉంది, పక్కనే దాని తల్లి, పచ్చి బాలింత. గింజలు అందరికన్నా ముందు ఆమె కంచంలోకే పోయేవి. నేను అరుగు మీద కూలబడి, ఇది మన్ను కాదమ్మా, మందు, తినరాదు, మిగిలింది నేనే వచ్చి తీసుకుపోవాల్సింది, రాకుండానే మిగల్లేదని రాసేశాను, తప్పు నాదే అని ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆడవాళ్ళు ఒకరి తరవాత ఒకరు లేచి చేతులు కడుక్కోవడానికి పోయారు. ఇంటామె మాత్రం కదలకుండా నా మొహంలోకి చూసింది.

"మందైతే ఎరుపెందుకు పూసినారప్పా? ఎరుపు మేము తినేదానికి పూస్తాం."

ఆ మాటే మర్నాడు మేడమ్ ముందు అక్షరం మార్చకుండా చెప్పాను.

ఇంటాయనకు మాత్రం కోపమొచ్చింది, రావాల్సిందే. నూరుమంది వస్తారు, వాళ్ళ ముందు ఏం పెట్టాలి అన్నాడు. మందు గింజలు రెండు సేర్లే అయినా ఇంట్లో ఉన్న అనపలన్నిటితో కలిసిపోయాయి, వచ్చే ఏటి విత్తనంతో సహా. తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచినట్టు, నా సోమరితనం ఆ ఇంటి మూట మొత్తాన్ని చెరిచింది. డ్రైవరు నా చెవిలో మెల్లగా అన్నాడు. "సార్, మీ వరదిలో మిగులు లేదు. ఈడ చూస్తే గంగాళం నిండా ఉండాది." ఆ మాట అని, నేను చెప్పకముందే పశువుల డాక్టరు కోసం జీపు తీశాడు. డాక్టరుతోపాటు బాగేపల్లి నుంచి చింతపండూ వేరుశనక్కాయలూ నూనే తీసుకురమ్మని వెనక నుంచి కేకేశాను.

నాకు చేతనైన పని ఒకటే మిగిలింది. వంట నేను చేస్తానన్నాను. ఇంటాయన నన్ను కిందికీ మీదికీ చూశాడు. "విత్తనమిచ్చి వంట చెడగొట్టినారు. ఇంక వంట చేసి ఏం చెడగొడతారో" అన్నాడు. అయినా అడ్డు చెప్పలేదు. ప్యాంటు మీదే పంచె చుట్టుకుని పొయ్యి ముందు కూర్చున్నాను. గింజలు, తోళ్ళు ఎవరూ ముట్టకుండా సంచుల్లో కట్టించి పక్కన పెట్టించాను. ఆడవాళ్ళ చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగించాను. పాలు పారబోయించాను. తరవాత మా తాత గుడిలో చేసినట్టే, నూరుమందికి పులిహోర కలిపాను. బెల్లంతో పొంగలి చేశాను. ఆ రెండు గంటలూ ఆ ఇంటి ఆడవాళ్ళు నాకు కట్టెలు అందిస్తూ, తిరగమాతలో ఇంగువ చాలలేదని వంక పెడుతూ, మెల్లమెల్లగా మళ్ళీ నవ్వడం మొదలుపెట్టారు. నవ్వు విన్నాక నా కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. పొగ వల్ల అనుకున్నారు. కొంత పొగ కూడా ఉంది లెండి.

పాపకు పేరు పెట్టారు. జనం తిన్నారు. నేను మాత్రం కొట్టంలోనే ఉన్నాను. ఎనుము తల దించుకుని నిలబడింది, మేత ముట్టలేదు, నెమరు వేయలేదు. డాక్టరు చూసి, తాగింది పల్చటి నీళ్ళే గనక భయం లేదనుకుంటాను, నెమరేస్తే గండం గడిచినట్టే అన్నాడు. ఇంటామె నా పక్కన వచ్చి కూర్చుంది. ఆ ఎనుము పాలతోనే కూతురి పురుడు ఖర్చులు గడిచాయని చెప్పింది. నన్ను తిట్టడానికి చెప్పలేదు, ఊరికే చెప్పింది. అందుకే ఎక్కువ తగిలింది. పొద్దు వాలుతుండగా ఎనుము మెడ ఒకసారి సాచి, దవడ అటూ ఇటూ ఆడించింది. ఆమె నా భుజం మీద తట్టి, "నెమరేస్తాండాది, ఇంక లేచి అన్నం తిను పో" అంది. పొద్దున మీరు అన్న మనిషి సాయంత్రానికి నువ్వు అంది. నా సర్వీసులో అంతకంటే పెద్ద ప్రమోషన్ నాకు రాలేదు.

మర్నాడు కేంద్రంలో మేడమ్ ముందు నిలబడి, నేను రాసిన 'లేదు' అబద్ధమని చెప్పాను. చెప్పకపోయినా గడిచేదే, డ్రైవరు నోరు విప్పేవాడు కాదు. కానీ ఆ పూత విత్తనం మరుసటి ఏడు ఇంకా వందల ఇళ్ళకు పోబోతోంది, అదే ఎరుపుతో. నాకు నోటీసు వచ్చింది. పెద్ద సారు నన్ను ఫీల్డు నుంచి తీసి కొన్నాళ్ళు స్టోరులో కూర్చోబెట్టాడు. అది న్యాయమే. మేడమ్ మాత్రం నన్ను ఒక్క మాటా అనలేదు. గింజలు తింటే పెద్దవాళ్ళకు వాంతులతో పోయేదేమో, బాలింతకూ పసిపిల్లకూ ఏమయ్యేదో నేను చెప్పలేను అంది. ఎరుపెందుకని అడిగిన ఆ అమ్మను చూడాలి అంది.

ముందు ఆ ఇంటికి అనప విత్తనం, వాళ్ళు పోగొట్టుకున్నంతా కేంద్రం నుంచి ఇప్పించింది, పూత లేనివి. తరవాత రంగుల పొట్లాలు తీసుకుని నాతో పరగోడు వచ్చింది. మేడమ్‌కు తెలుగు రాదు, ఆ అమ్మకు కన్నడం బాగానే వచ్చు, అయినా రంగుల దగ్గరికొచ్చేసరికి ఆమె తెలుగులోకి దిగింది, నేను మధ్యలో కన్నడంలోకి తిప్పాను. ఆకుపచ్చ వద్దంది, పచ్చిగింజ అనుకుంటారట. పసుపు అసలే వద్దు, శుభకార్యానికి పసుపు పెట్టి తీసిపెట్టినవనుకుంటారు. నలుపైతే ఉలవల్లో కలిసిపోతుంది. తెలుపైతే బూడిద కలిపి దాచుకున్నవనుకుంటారు, కొన్ని ఇళ్ళల్లో అదీ ఉంది. చివరికి నీలం పొట్లం దగ్గర ఆగింది.

"ఇది తెల్లగుడ్డలకేసే రంగు. నీలంది ఏదీ మేము నోట్లో పెట్టం. ఇది పూయండి."

మేడమ్ అక్కడే పుస్తకంలో రాసుకుంది. ఆ తరవాతి ఏటి నుంచి మా కేంద్రం పూత విత్తనమంతా నీలమే. దాంతోపాటు నాలుక మీద పెడితే ఉమ్మేసేంత చేదు కూడా కలిపారు. ఉపన్యాసాలు డెయిరీ దగ్గర మానేసి, ఇళ్ళ పెరళ్ళలో ఆడవాళ్ళ ముందు ఇవ్వడం మొదలుపెట్టాం. అది కూడా ఆ అమ్మ చెప్పిందే.

ఇంక లేద్దామనుకుంటుంటే మేడమ్, మీ ఎర్రమన్ను ఎలా పూస్తారో చూపించమంది. ఆ అమ్మ గుట్టవార నుంచి తెచ్చిన మన్ను కుండలో వేసి, నీళ్ళు పోసి కలియబెట్టింది. తాంబూలం నమిలేంత సేపు ఆగింది. పైన తేలిన ఎర్రనీళ్ళు మాత్రం పాత చీరగుడ్డలో వడగట్టి ఇంకో కుండలోకి వంచి, అడుగున మిగిలిన గరుకంతా పారబోసింది. రేపటికి ఇది పేరుకుంటుంది, అప్పుడు గింజలకు పట్టిస్తే పట్టులా అంటుకుంటుందంది. మేడమ్ ఆ కుండ పక్కనే గొంతుక్కూర్చుని ఉంది. ముతకను దించేసి సన్నాన్ని పట్టుకోవడం, మా యంత్రంలో చేసేదీ ఇదే కదా అంది నాతో. ఆ రాత్రి అక్కడే ఆగి, పేరుకున్న మన్ను మర్నాడు టిఫిన్ డబ్బాలో పెట్టించుకుని, ఒళ్ళో పెట్టుకుని తీసుకుపోయింది.

ల్యాబులో చూస్తే అందులో మన్ను ఎంత సన్నగా ఉందో మాకే ఆశ్చర్యమేసింది. అది పురుగు ఒంటి మీదుండే మైనపు పొరను పీల్చేస్తుందట, పురుగు ఎండిపోతుంది. విషమేమీ లేదు, కడిగితే పోతుంది. ఏ గుట్ట మన్ను మంచిది, ఏ మన్నులో చెడ్డ లోహాలున్నాయి అని పరీక్షలు చేయడానికి రెండేళ్ళు పట్టింది. స్టోరులో కూర్చున్న నన్ను మేడమే అడిగి ఆ పనికి వేయించుకుంది. ఇప్పుడు బాగేపల్లి వైపూ కెంచార్లహళ్ళి వైపూ ఆడవాళ్ళ సంఘాలు కొన్ని, పరీక్ష చేసిన మన్నుతో పప్పులకు పూత వేసి దాస్తున్నాయి. గింజలు దాచే గదిలో పెట్టే విషపు బిళ్ళలు చాలా ఇళ్ళల్లో మానేశారు. ఆ రోజు పేరు పెట్టించుకున్న పాప బడికి పోతోంది, లెక్కల్లో చురుకని విన్నాను.

నేను రిటైరైన రోజు కేంద్రంలో శాలువా కప్పి, నా గురించి అబద్ధాలు చాలానే చెప్పారు. నిబద్ధత, క్రమశిక్షణ వగైరా. వెనక వరసలో కూర్చున్న డ్రైవరు నవ్వాపుకోలేక బయటికి పోయాడు. సభ అయ్యాక ఆ అమ్మ ముందుకొచ్చింది. పరగోడు నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. చేతిలో రెండు మూటలున్నాయి. ఒకదాంట్లో ఎర్రమన్ను పూసిన అనపలు, ఇంకోదాంట్లో మా కేంద్రం ఇచ్చిన నీలం విత్తనాలు. రెండూ నా చేతుల్లో పెట్టింది.

"ఎర్రవి తిను. నీలివి విత్తుకో."

నాకు చారెడు భూమి కూడా లేదమ్మా, మేడ మీద రెండు తొట్లున్నాయి, ఇన్ని విత్తితే మిగులుతాయి కదా అన్నాను. ఆమె నా చేతుల్లోని మూటల వైపు చూసి, నింపాదిగా అంది.

"మిగిలితే, మిగిలినాయని రాయప్పా."